పత్తి చేలో అసలు ముద్దాయి హైబ్రిడ్

జన్యుమార్పిడి పంటలంటే విషం అనేవాళ్లూ, సేంద్రియం అంటే చాదస్తం అనేవాళ్లూ పాతికేళ్లుగా తిట్టుకుంటున్నారు. ఇద్దరూ వేలు చూపించేది మన పత్తి చేనువైపే. దేశంలో రైతు చేతికి చట్టబద్ధంగా అందిన జన్యుమార్పిడి పంట ఇప్పటికీ అదొక్కటే మరి. ఒక బాక్టీరియా నుంచి తీసిన, పురుగును చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. బీటీ వంకాయ 2010 ఫిబ్రవరిలో ఆగిపోయింది. డీఎంహెచ్-11 ఆవాలు 2022లో అనుమతి దాకా వచ్చి, 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ చెరో తీర్పు ఇవ్వడంతో నిలిచిపోయాయి. కాబట్టి అనుభవం మీద మాట్లాడాలంటే పత్తి గురించే మాట్లాడాలి.

పత్తిలో ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూస్తే రెండు పక్షాల వాదనలూ గురి తప్పుతున్నాయని నా అభిప్రాయం. నష్టంలో పెద్ద వాటా జన్యువుది కాదు, ఆ జన్యువును హైబ్రిడ్ విత్తనంలో, అంటే రెండు రకాలను సంకరం చేసి తీసిన, ఏటా కొత్తగా కొనాల్సిన గింజలో, మాత్రమే అమ్మిన పద్ధతిది. సేంద్రియ పక్షం జన్యువును తిడుతూ హైబ్రిడ్ సంగతి మర్చిపోయింది. బీటీ పక్షం జన్యువును పొగుడుతూ అదే పని చేసింది. విత్తన కంపెనీలకు ఇంతకన్నా కావలసిందేముంది?

అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ రైతులు వేసేది సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి. పత్తిని ఇంత విస్తారంగా హైబ్రిడ్‌గా వేసే దేశం మనదే. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4తో ఇది మొదలైంది. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, అందుకని క్రాసింగ్ చేత్తోనే చెయ్యాలి. గద్వాల, నంద్యాల వైపు విత్తన పత్తి చేలల్లో పని ఇలా సాగుతుంది: మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే ఎంచుకుని, రేకులతో పాటు పుప్పొడి ఉండే గొట్టాన్ని బొటనవేలి గోటితో ఒలిచేస్తారు. లోపలి కీలానికి, అంటే ఆడ భాగానికి, గోరు తగిలితే ఆ మొగ్గ రాలిపోతుంది. ఒలిచిన మొగ్గకు గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున మగ వరుసల్లో పువ్వులు కోసుకొచ్చి, పుప్పొడిని కీలం కొస మీద రుద్దుతారు. ఒక్కో కాయకు రెండు పూటలా మనిషి చెయ్యి పడాల్సిందే. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదన్న సాకుతో ఆడపిల్లల్ని బడి మాన్పించి ఈ పనిలో పెట్టడం ఆ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పీడించిన సమస్య.

ఇంత చాకిరీతో తయారైన గింజ చవగ్గా రాదు. చవగ్గా రాని గింజను రైతు ఒత్తుగా వెయ్యలేడు. మిగతా కథంతా ఇక్కడి నుంచే నడుస్తుంది.

లెక్క చూడండి. 90 సెంటీమీటర్లకొక సాలు, మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 7,400 పైచిలుకు మొక్కలు పడతాయి. పది క్వింటాళ్ల పత్తి రావాలంటే ఒక్కో మొక్క 135 గ్రాములు ఇవ్వాలి. కాయ నాలుగున్నర గ్రాములనుకుంటే మొక్కకు 30 కాయలు నిలవాలి. ముప్పై కాయలు ఒక్కసారి పట్టవు. పూత విడతలు విడతలుగా వస్తుంది, తీతలు మూడు నాలుగవుతాయి, జూన్‌లో పెట్టిన చేను జనవరి దాటినా కట్టె మీద ఉంటుంది. అదే సాళ్ల మధ్య 80, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 25,000 మొక్కలు. మొక్కకు పది కాయలుంటే అదే దిగుబడి. ఆ పదీ మొదటి విడత పూతలోనే వచ్చేస్తాయి. నవంబరు, డిసెంబరుకల్లా ఒకటి రెండు తీతల్లో చేను ఖాళీ అవుతుంది.

రైతు రెండోది ఎందుకు చెయ్యడంటే, ప్యాకెట్‌లో గింజలు 5,000 అటూ ఇటూ ఉంటాయి. 2025 ధర 901 రూపాయల చొప్పున ఎకరాకు రెండు ప్యాకెట్లయితే 1,800. అయిదయితే 4,500. పైగా ఒత్తుగా వేసినప్పుడు హైబ్రిడ్ మొక్క అడవిలా పెరుగుతుంది, దాన్ని అణచడానికి మెపిక్వాట్ క్లోరైడ్ పిచికారీ చెయ్యాలి. సూటి రకాల్లో గుబురుగా కాక నిటారుగా పెరిగేవి ఉన్నాయి. వాటికి ఆ బాధ తక్కువ.

పత్తి కాయలోకి దూరి గింజలు తినే గులాబీ రంగు పురుగు సంగతికి వద్దాం. శనగపచ్చ పురుగు శనగ తింటుంది, కంది తింటుంది, టమాట, మిరప దేన్నీ వదలదు. అందుకే బీటీ విషం తగలని పురుగులు పక్క పంటల్లో ఎప్పుడూ మిగిలి ఉండేవి. నిరోధకత, అంటే ఆ విషానికి చావని గుణం, వచ్చిన పురుగు వాటితో జతకట్టి, ఆ గుణం పలచబడేది. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తే దిక్కు. కనుక బీటీ లేని పత్తిని కావాలని పక్కన వెయ్యాల్సి వచ్చింది: పొలంలో 20 శాతం, లేదా చుట్టూ అయిదు వరుసలు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. దాని కోసం 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. అది ఎన్ని చేలల గట్ల మీద పడి పోయిందో పత్తి ఊళ్లలో అందరికీ తెలుసు. పురుగు తినడానికంటూ అయిదో వంతు చేను వదిలెయ్యమంటే అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన మనిషి వదలడు. ఆ సంగతి ముందే ఊహించకపోవడం రైతు తప్పు కాదు.

రెండో చిక్కు కాయ లోపలే ఉంది. హైబ్రిడ్ మొక్కలో బీటీ జన్యువు ఒక తల్లి నుంచో తండ్రి నుంచో మాత్రమే వస్తుంది, అంటే ఒక్క ప్రతే. ఆ మొక్కకు కాసిన కాయలోని గింజలు తర్వాతి తరానివి. ఒక్కో జన్యువు నాలుగు గింజల్లో మూడింటికి అందుతుంది, ఒకదానికి అందదు. బోల్‌గార్డ్-2 అనే బీటీ పత్తిలో రెండు జన్యువులు కాబట్టి పదహారు గింజల్లో ఒకటి రెండూ లేకుండా ఉంటుంది, ఆరు గింజలు ఒక్కదానితోనే ఉంటాయి. కాయకు ముప్పై గింజలనుకుంటే దాదాపు రెండింటికి ఏ జన్యువూ ఉండదు, పదకొండింటికి ఒక్కటే ఉంటుంది. గులాబీ రంగు పురుగు తినేది ఆకును కాదు, ఆ గింజలనే. విషం లేని గింజ తిని కాస్త బలిసి, ఆపైన విషమున్న గింజను రుచి చూసి బతికితే అది నిరోధకతకు దారే. దీని మీద వాదం ఒక కొలిక్కి రాలేదు. చైనాలో రైతులు హైబ్రిడ్ రెండో తరం గింజలు వేసినప్పుడు, జన్యువు లేని పూర్తి మొక్కలు చేలో కలిసి, పురుగు నిరోధకత తగ్గింది కూడా. కానీ అక్కడ జన్యువు లేనిది మొక్క. ఇక్కడ జన్యువు లేనిది ఒకే కాయలో పక్క గింజ. ఈ తేడా చిన్నది కాదు.

మూడోది కాలం. పైరు నూరు రోజులు దాటాక బీటీ ప్రొటీన్ పలచబడుతుంది. సరిగ్గా అప్పుడే గులాబీ పురుగు ఉధృతి మొదలవుతుంది. దీనికి తరం గడవడానికి నెల చాలు. చేను ఫిబ్రవరి దాకా ఉంటే దానికి రెండు మూడు తరాలు ఉచితంగా అదనం. చివరి తరం ఎండు కాయల్లో, గింజల్లో, జిన్నింగు మిల్లుల్లో నిద్రపోయి, తొలకరికి లేస్తుంది. 2009-10లో గుజరాత్‌లో మొదటి జన్యువుకు ఎదురు తిరిగింది. ఆపైన అయిదారేళ్లకే రెండు జన్యువుల పత్తిలోనూ మధ్య, దక్షిణ భారతాల్లో కనబడింది. అదే జన్యువులున్న పత్తి అమెరికాలో ఏం చేసిందో చూడండి. సూటి రకాలు, పంట అవగానే కట్టె దున్నెయ్యడం, పిల్లలు పుట్టకుండా గొడ్డు చేసిన రెక్కల పురుగుల్ని విమానాలతో వదలడం, ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని దారి తప్పించే లింగాకర్షక తాళ్లు. 2018 అక్టోబరులో అమెరికా పత్తి చేలలు గులాబీ పురుగు నుంచి విముక్తమయ్యాయని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది. రెండు చోట్లా జన్యువు ఒకటే.

బీటీ వల్ల మేలు జరగలేదనడం కూడా అబద్ధమే. 1990లలో శనగపచ్చ పురుగు కోసం పదిహేను, ఇరవై సార్లు మందు కొట్టిన చేలు ఉన్నాయి. 2002 తర్వాత ఆ పిచికారీలు బాగా తగ్గాయి. దేశ సగటు హెక్టారుకు 300 కిలోల దూది పైచిలుకు నుంచి 2007-08లో 550 దాకా పోయింది. అందులో గుజరాత్ నీళ్ల వాటా, కొత్త హైబ్రిడ్ల వాటా, ఎరువుల వాటా కూడా ఉన్నాయి. ఆ పైన సగటు మళ్లీ 450 దరిదాపులకు జారింది. పొగడ్త రాసేవాళ్లు 2007-08 దగ్గర ఆపుతారు, తెగడ్త రాసేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.

ధర మాటకొస్తే, మొదట్లో ప్యాకెట్ 1,600 రూపాయలు దాటి ఉండేది. అందులో సింహభాగం జన్యువుకు కట్టే రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్‌కు వెళ్లి, ధరను 750కి దించింది. రాష్ట్రం చేసిన మంచి పనుల్లో అదొకటి. తర్వాత కేంద్రం ఆ రుసుమును 2018లో 39 రూపాయలకు, 2019లో 20కి తగ్గించి, 2020లో సున్నా చేసింది. అంటే 2025లో ప్యాకెట్‌కు కట్టిన 901 రూపాయల్లో జన్యువుకు పోయింది ఏమీ లేదు. అది మొత్తం హైబ్రిడ్ ఖరీదు. ఏటేటా కొత్తగా కొనాల్సి రావడమూ హైబ్రిడ్ వల్లే. జన్యువు వల్ల కాదు.

ఇక సేంద్రియం. దాని బలం పురుగు దగ్గర ఉంది, బలహీనత నత్రజని దగ్గర ఉంది. ప్రచారంలో మాత్రం రెండూ కలిపేస్తారు.

పురుగు దగ్గర బలం నిజమే. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల 2003 నాటికే పురుగుమందులు మానేసిన ఊరిగా పేరు తెచ్చుకుంది. జనగామ వైపు ఏనెబావి 2006లో ఊరంతా సేంద్రియమని, బీటీ కూడా వద్దని ప్రకటించుకుంది. ఇవి నమూనా ప్లాట్లు కావు, ఊళ్లు. గట్ల మీద జొన్న, అక్కడక్కడ ఆముదం, బంతి, ఎకరాకు పది పక్షి స్థావరాలు, వేప కషాయం. అయితే కషాయం పనిచెయ్యలేదనే ఫిర్యాదులు చాలావరకు తయారీ దగ్గరే తేలతాయి. అయిదు కిలోల వేపగింజల పప్పు పొడిని పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, నూరు గ్రాముల సబ్బుపొడి కలిపి వంద లీటర్లకు పెంచాలి. చేను కమ్ముకున్నాక ఎకరాకు వంద లీటర్లు చాలవు, రెండొందలు కావాలి, అంటే పప్పు పది కిలోలు. వానలో తడిసి బూజు పట్టిన గింజలో మందు ఉండదు. వేప పండు రాలే జూన్, జులైలోనే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టాలి, గోనెసంచిలో ఉంచాలి. ప్లాస్టిక్ సంచి అయితే లోపల చెమ్మ పట్టి పాడవుతుంది. ఎండలో కొడితే పొద్దు గూకేలోగా సత్తువ పోతుంది, సాయంత్రమే కొట్టాలి. పైగా ఇది గుడ్డు మీద, పిల్ల పురుగు మీద పనిచేసేది. వేలంత లద్దె పురుగు మీద కొట్టి లాభం లేదు. కాయలోకి దూరిన గులాబీ పురుగును వేపే కాదు, ఏ రసాయనమూ అందుకోలేదు.

నత్రజని దగ్గర మాత్రం నిక్కచ్చిగా లెక్క వెయ్యాలి. సేంద్రియ రైతులు చేలో పోసే జీవామృతం 200 లీటర్లలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. అన్నిటిలోని నత్రజనీ కూడితే 200 గ్రాములు, మహా అయితే పావు కిలో. హైబ్రిడ్ పత్తికి ఎకరాకు సిఫారసు చేసేది 60 కిలోలు, అంటే మూడు బస్తాల యూరియా. జీవామృతం ఎరువు కాదు, నేలలోని సూక్ష్మజీవులకు తోడు అని దాన్ని సమర్థించేవాళ్లే చెబుతారు. ఒప్పుకుందాం. తోడు ఎంత మంచిదైనా గిన్నెలో పాలుండాలి కదా. ఆ పాలు ఎక్కడి నుంచి వస్తాయి? నాలుగు టన్నుల పశువుల ఎరువు వేస్తే ఇరవై కిలోల నత్రజని, మొదటి ఏడు పైరుకు దక్కేది అందులో మూడో వంతు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, మెట్ట ఊళ్లలో ఎకరాకు నాలుగు టన్నుల పేడ ఎవరికుంది? నాలుగు వరుసల పత్తికి ఒక వరుస కంది వెయ్యడం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలలో కలపడం, చెరువు మట్టి తోలడం దారులే. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ దారుల్లోనే నడుస్తోంది, 2024లో గుల్బెంకియన్ బహుమతి అందుకున్న ముగ్గురిలో అదీ ఒకటి. కానీ ఈ దారులకు రెండు మూడేళ్లు పడుతుంది. ఆ మధ్య కాలం దిగుబడి తగ్గుతుంది, కౌలు మాత్రం తగ్గదు. 2021లో శ్రీలంక రసాయన ఎరువులను నిషేధించి, ఆ రెండు మూడేళ్లను ఒక్క ఉత్తర్వుతో దాటెయ్యాలని చూసి, నవంబరుకల్లా వెనక్కి తగ్గింది.

హైబ్రిడ్ ఇక్కడ కూడా తగులుతుంది. ఎకరాకు 60 కిలోల నత్రజని అడిగేది ఏడెనిమిది నెలలు పెరిగే పెద్ద మొక్క. అయిదు నెలల్లో ముగిసే పొట్టి సూటి రకం ఆకలి అంత ఉండదు. సేంద్రియానికి సరిపోయే పత్తి అదే. ఆకు మీద నూగు ఉన్న రకాన్ని ఎంచుకుంటే పచ్చదోమ కూడా తగ్గుతుంది. కానీ ఆ గింజ కావాలని దుకాణానికి వెళ్లి అడగండి! నంద్యాల నరసింహ, కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సూరజ్ లాంటివి కాగితం మీద ఉన్నాయి, కౌంటరు మీద దొరకవు.

సేంద్రియ ధ్రువీకరణ నిబంధనల్లో ఒక విడ్డూరం ఉంది. బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) బాక్టీరియా పొడిని నీళ్లలో కలిపి కొట్టొచ్చు. అదే బాక్టీరియా నుంచి తీసిన జన్యువు మొక్కలో ఉండకూడదు. బీటీ పక్షం దీన్ని కపటమని ఎద్దేవా చేస్తుంది, కానీ తేడా లేకపోలేదు. పిచికారీ చేసిన పొడి ఎండకు రెండు మూడు రోజుల్లో నశిస్తుంది. మొక్కలోని విషం సీజనంతా ఉంటుంది. పురుగు అలవాటు పడేది నిత్యం ఉన్నదానికే. ఆ నిబంధన వెనుక భయం తినేవాళ్ల ఆరోగ్యం గురించయితే అది నాకు బలంగా అనిపించదు, పురుగు నిరోధకత గురించయితే నూటికి నూరుపాళ్లూ నిజం.

కలుపు సంగతి రెండు పక్షాలూ దాటేసేది. తెలంగాణలో దొంగచాటుగా అమ్ముడవుతున్న, గడ్డి మందు కొట్టినా చావని పత్తి, ఊళ్లో బీజీ-త్రీ అని పిలిచేది, పురుగు కోసం కాదు, కూలీల కోసం. రెండు సార్లు కలుపు తీయించే ఖర్చుకు గ్లైఫోసేట్ గడ్డి మందు డబ్బా చవక. అనుమతి లేని గింజ కాబట్టి మొలక రాకపోతే అడిగే దిక్కుండదు, బిల్లు ఉండదు. సేంద్రియ రైతు గుంటక, దంతె తోలితే సాళ్ల మధ్య కలుపు పోతుంది, మొక్క మొదట్లో కలుపు చేత్తోనే తియ్యాలి. వాన వారం పట్టిందంటే గుంటక కూడా సాగదు. దానికి ఏ కషాయమూ లేదు.

మరి సూటి రకంలో బీటీ ఎందుకు రాలేదు? ప్రయత్నం జరిగింది. 2008-09లో బికనేరి నర్మా బీటీ అని ప్రభుత్వ సంస్థలే విడుదల చేశాయి, దాచుకుని వేసుకోదగ్గ రకం. అందులో వేరే కంపెనీ జన్యువు కలిసి ఉందని తేలి వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క పొరపాటు దశాబ్దం మింగేసింది. ఆ తర్వాత నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ రజత్, సూరజ్ లాంటి రకాల్లో మొదటి తరం జన్యువు పెట్టింది. దానికి మన దేశంలో పేటెంటు లేదు. గులాబీ పురుగుకు ఆ జన్యువు ఇప్పుడు పనిచెయ్యదు, అయినా అయిదు నెలల్లో చేను తీసేస్తే గులాబీ పురుగుకు సమయం ఉండదు. శనగపచ్చ, మచ్చల పురుగులను ఆ జన్యువు చూసుకుంటుంది.

ఇదే ప్రశ్న వరిలోకీ వచ్చింది. 2025 మే 4న ప్రకటించిన రెండు జన్యు సవరణ వరుల్లో ఒకటి, డీఆర్ఆర్ ధాన్ 100 (కమల), రాజేంద్రనగర్‌లో తయారైంది. దాని మూలం బాపట్ల సాంబ మసూరి. రెండోదాని మూలం మార్టేరు ఎంటీయూ 1010. రెండూ సూటి రకాలే. బయటి జన్యువేమీ చొప్పించలేదు, ఉన్నదాన్నే కత్తిరించారు. సేంద్రియ పక్షం దీన్ని బీటీ పత్తిని ఎదిరించిన మాటలతోనే ఎదిరిస్తోంది. ఇక్కడ అడగాల్సింది ఆ కత్తెర మీద పేటెంటు ఎవరిది, రైతు గింజ దాచుకుంటే, పక్కింటికి ఇస్తే ఎవరైనా అడ్డుపడతారా అని.

పత్తి తగువు తేలాలంటే ఒకే నేలలో నాలుగు మళ్లు చాలు: బీటీ హైబ్రిడ్, బీటీ లేని హైబ్రిడ్, సూరజ్ బీటీ, మామూలు సూరజ్. హైబ్రిడ్లు 90×60లో, సూటి రకాలు 80×20లో. ప్రతి మడిలో సగం యూరియాతో, సగం పశువుల ఎరువు, కంది వరుసలతో. పూత మొదలైన దగ్గర్నుంచి వారానికోసారి నూరు పూలు చూసి, రేకులు ముడుచుకుపోయిన గుడ్డిపూలు లెక్కపెట్టాలి. మడికి ఇరవై పచ్చి కాయలు కోసి చీల్చాలి, రెండింటిలో పురుగుంటే హద్దు దాటినట్టు. ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే అదీ హద్దే. విత్తనం ఖర్చు, కలుపు కూలి, పిచికారీలు, తీత కూలి, ఆఖరి తీత తేదీ విడివిడిగా రాయాలి. బుట్టలు కట్టినందుకు అయ్యే ఖర్చు, జీవామృతానికి పోయిన కూలి పూటలు కూడా. జన్యువు తెచ్చిన లాభమెంతో మొదటి రెండు మళ్లు చెబుతాయి, హైబ్రిడ్ తెచ్చిన నష్టమెంతో మొదటిదీ మూడోదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.